క్లచ్ తొక్కినా దూకిన బండి

"నేనే చంపాను బావా. ఇంకోసారి అడక్కు."

మెకానిక్ ఆ మాట అనడం అది మూడోసారి. స్టేషన్ వెనకగదిలో బల్లకి అటువైపు కూర్చుని, రెండు చేతులూ ఎవరివో అయినట్టు ముందు పెట్టుకుని చూసుకుంటున్నాడు. ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో గ్రీజు నలుపు పోని చేతులవి. పెళ్ళైన పన్నెండేళ్ళకి, మూడు రోజుల కిందట పుట్టిన కూతుర్ని ఇంకా సరిగ్గా ఎత్తుకోనైనా లేదు ఆ చేతులతో.

ఎదురుగా కూర్చున్నవాడు డిటెక్టివ్. పోలీసులందరూ అతణ్ణి 'జిడ్డు' అంటారు. ఒకే ప్రశ్నని పది రకాలుగా అడిగి, పదకొండోసారి మళ్ళీ మొదటి రకంగానే అడుగుతాడని ఆ పేరు. వెక్కిరింతకి పెట్టిన పేరే గాని, అతను దాన్ని బిరుదులా మోస్తూ ఇన్నేళ్ళూ బతుకు నెట్టుకొచ్చాడు. అయితే ఇంతవరకూ అడిగిన ప్రశ్నలన్నీ పరాయివాళ్ళనే. ఇప్పుడు బల్లకి అటువైపున్నది సొంత చెల్లెలి మొగుడు. నోరు విప్పడమే కష్టంగా ఉంది జిడ్డుకి.

కేసు చిన్నది. చిన్నది కాబట్టే దానిమీద ఎవరికీ ఓపిక లేదు. నర్సరీలో మొక్కల వరసల మధ్య తిరిగే పాత చిన్న ట్రాక్టర్‌కి క్లచ్ అరిగిపోయింది. మెకానిక్ ఆ నర్సరీ షెడ్డులోనే బండిని రెండు సగాలుగా విడదీసి బాగుచేశాడు. అతను వెళ్ళిన సాయంత్రమే నర్సరీ పెద్దాయన ఆ ట్రాక్టర్ ముక్కుకీ గోడకీ మధ్య నలిగి చచ్చిపోయాడు. సీటు మీద ఉన్నది పెద్దాయన తమ్ముడు. క్లచ్ పూర్తిగా తొక్కే ఉన్నాననీ, గేరు వెయ్యగానే బండి దూకిందనీ అతను చెప్పాడు. క్లచ్ తొక్కినా బండి దూకిందంటే తప్పు క్లచ్ వేసినవాడిదే. ఇన్‌స్పెక్టర్‌కి అంతకు మించి లెక్క అక్కర్లేకపోయింది. అన్నిటికన్నా ఘోరం, మెకానిక్కి కూడా అక్కర్లేకపోయింది.

"మొదట్నించీ చెప్పు బావా," అన్నాడు జిడ్డు.

"చెప్పానుగా."

"ఇన్‌స్పెక్టర్‌కి చెప్పావు. నాకు చెప్పు. క్లచ్ అంటే ఎడంకాలి కింద ఉండేదని తప్ప నాకేం తెలీదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పు."

మెకానిక్ వేలితో బల్లమీద బండి ఆకారం గీశాడు. మాట్లాడ్డం మొదలుపెట్టాక మాత్రం మనిషిలోకి కాస్త ప్రాణం వచ్చింది. పని గురించి చెప్తున్నంతసేపూ అతనికి తను ఎక్కడున్నాడో గుర్తు లేదు.

"ఇంజన్నీ గేర్‌బాక్స్‌నీ విడదీసి, ఒక్కో సగం కింద స్టాండ్లు పెట్టాను. పాత ప్లేటు చూస్తే రివిట్లు బయటికొచ్చేసినై. ప్రెషర్ ప్లేటు నీలంగా మాడిపోయింది. బేరింగు తిప్పితే ఇసక నమిలినట్టు గరగర. అన్నీ మార్చాను. క్లచ్ ఫోర్కు కొసలు అరిగిపోతే వెల్డింగ్ పెట్టి మళ్ళీ సాపు చేశాను. తర్వాత రెండు సగాలూ కలిపి బిగించాను. ఇంక మిగిలింది కప్లింగ్. ఇంజన్ వైపు షాఫ్టునీ గేర్‌బాక్స్ వైపు షాఫ్టునీ కలిపే గొట్టం. దాని లోపలి పళ్ళు కూడా తినేసినై. లేత్ మీద కొత్తది చేయించాను. అన్నీ కుదిరాక దాన్ని ముందుకి జరిపి అడ్డంగా ఒక పిన్ను కొడతాం. బిగింపులో అదే ఆఖరి పని. అప్పటిదాకా పిన్ను నా చొక్కా జేబులోనే ఉంటుంది."

"జేబులో దేనికి?"

"మా గురువు నేర్పిన అలవాటు. కింద మనం పడుకుని ఉంటే, పైన ఎవడో ఒకడు సీటెక్కి తాళం తిప్పుతాడు. మనుషుల్ని కాదు, మన జేబునే నమ్ముకోమనేవాడు."

"సరే. ఆ తర్వాత?"

"పెడల్ ఆట చూడాలి. కాలు పెట్టగానే కొంచెం వదులుగా కదలాలి. ఆ వదులు మరీ ఎక్కువుంటే ఎంత తొక్కినా లోపల క్లచ్ విడవదు. గేరేస్తే బండి దూకుతుంది." మెకానిక్ రెండు చేతులూ బల్ల కిందికి లాక్కున్నాడు. "అది చూడలేదు బావా. ఫోనొచ్చింది. మీ చెల్లికి నొప్పులు మొదలయ్యాయని. గుడ్డకి చేతులు తుడుచుకుని పరిగెత్తాను. ఒక్క నిమిషం పని. ఒక్క నిమిషం ఆగి ఉంటే ఆయన బతికుండేవాడు."

జిడ్డుకి జాలి ముంచుకొచ్చింది. జాలి పడితే పని జరగదని తెలిసినవాడు కాబట్టి మళ్ళీ తన దారిలోకి వచ్చాడు.

"ఫోన్ మోగినప్పుడు చేతిలో ఏముంది?"

"సుత్తి."

"సుత్తితో ఏం చేస్తున్నావు?"

"పిన్ను కొడుతున్నా."

"కొడుతున్నావా, అప్పటికే కొట్టేశావా?"

మెకానిక్ తన కుడిచేతి వంక చూసుకున్నాడు. అరచెయ్యి తిప్పి మళ్ళీ చూసుకున్నాడు. "ఇరవై ఏళ్ళ నించి కొడుతున్న చెయ్యి బావా ఇది. కొట్టకుండా ఎలా ఉంటుంది?"

అది జవాబు కాదు. పెడల్ చూడకపోవడమే నేరమని ఏడుస్తున్నవాడు, దానికన్నా పెద్దది ఏదో మర్చిపోయి ఉంటే? గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఆ పిన్ను లేకపోతే ఏమవుతుందని అడగాలి. మామూలుగా అయితే పదిసార్లు అడిగేవాడు. కానీ తలుపు అవతల కానిస్టేబుల్ నిలబడి వింటున్నాడు. వచ్చే జవాబు మెకానిక్ మెడకి ఇంకో ఉరి అయితే దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. ఆ ఒక్క ప్రశ్ననీ జిడ్డు మింగేశాడు.

తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. వెనకాలే నర్సరీ పెద్దాయన తమ్ముడు. మూడు రోజుల గడ్డం, ఎర్రబడ్డ కళ్ళు, చేతిలో గుడ్డసంచి. స్టేషన్‌లో అందరూ అతణ్ణి 'తమ్ముడుగారు' అని గౌరవంగా పిలవడం మొదలుపెట్టారు. అన్న పోయిన దుఃఖంలో కూడా ఎంత నెమ్మదైన మనిషో అని హెడ్ కానిస్టేబుల్ ఇద్దరు ముగ్గురికి చెప్పాడు కూడా.

"పొద్దున్నే మీ ఇంటికి వెళ్ళొచ్చానండి," అన్నాడు తమ్ముడు మెకానిక్‌తో. "పాపని చూశాను. బంగారుబొమ్మ. మీ ఆవిడ బట్టలు పంపించారు." సంచి బల్లమీద పెట్టాడు.

మెకానిక్ ఒక్కసారిగా లేచి అతని కాళ్ళమీద పడ్డాడు. "నన్ను చూడ్డానికి మీరెందుకొచ్చారండీ? నాకు బతకాలని లేదు. నన్ను వదిలిపెట్టకండి."

"ఛ, ఛ, లేవండి. పోయినవాడు ఎలాగూ రాడు. మీ బతుకు కూడా పాడవడం దేనికి?" తమ్ముడు అతణ్ణి లేవనెత్తి, ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "సార్, జరిగింది జరిగినట్టు రాసిన కాగితం మీద ఈయన సంతకం పెట్టేస్తే కోర్టుకి పిలిచేదాకా నేనే పూచీ ఉంటాను. ఇంటికి తీసుకెళ్ళి పెళ్ళాంబిడ్డల దగ్గర దింపుతాను. కాకపోతే బతకాలని లేదంటున్నాడు. అదే భయంగా ఉంది. కాస్త కనిపెట్టుకుని ఉండాలి."

ఇన్‌స్పెక్టర్ జిడ్డు వంక చూసిన చూపులో, చూశావా మనిషంటే ఎలా ఉండాలో అన్న మాట స్పష్టంగా ఉంది.

"ఒక్క మాట అడగొచ్చాండీ?" అన్నాడు జిడ్డు తమ్ముడితో.

"అడగండి."

"బండి దూకినప్పుడు మీ కాలు ఎక్కడుంది?"

"క్లచ్ మీదే. నేలకి ఆనేదాకా తొక్కే ఉన్నాను."

"ఎంత దూరం దూకింది?"

"రెండు బారలు ఉంటుందేమో."

"రెండు బారలు పోయేలోపు బ్రేకు తొక్కలేదా?"

"కంగారులో కాలు ఆడలేదండి."

"గోడకి కొట్టుకోగానే ఇంజన్ ఆగిపోయిందా?"

"లేదు, ఆడుతూనే ఉంది. అన్నయ్య అరుస్తున్నాడు. నేనే తాళం తిప్పి ఆపాను."

"ఆడుతూనే ఉందా? గోడని నెడుతూ?"

"అవునండి."

"అంటే చక్రాలు తిరుగుతూనే..."

"చాల్లే జిడ్డూ," ఇన్‌స్పెక్టర్ అడ్డుకున్నాడు. "అన్న చచ్చి మూడు రోజులు కాలేదు, ఆ మనిషిని పట్టుకుని పీక్కుతింటావేంటి? బంధువుల కేసు బంధువులు చూడకూడదని నీకెవరూ చెప్పలేదా?"

"చెప్పారు. ఇంకెవరూ చూడకపోతే ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు."

"నేను చూడలేదా?"

"మీరు షెడ్డులోకి వెళ్ళి శవాన్ని చూశారు. ట్రాక్టర్ని చూశారా?"

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. ఇద్దరికీ పాత వైరమే. రెండు కేసుల్లో ఇన్‌స్పెక్టర్ తప్పనుకున్నది జిడ్డు ఒప్పని తేల్చాడు. మూడోసారి మాట పడే ఉద్దేశం అతనికి లేదు.

"గంట టైమిస్తున్నా. నేనూ వస్తాను. నీ బావ కోసం అక్కడ ఏదైనా తీసి జేబులో వేసుకోవని నమ్మకమేంటి?"

జిడ్డు వంగి మెకానిక్ చెవిలో చెప్పాడు. "గంట ఆగు. నేనొచ్చేదాకా సంతకం పెట్టకు. నీ కూతురి మీద ఒట్టు."

మెకానిక్ తలూపాడో లేదో తెలీలేదు. బయటికి నడుస్తూ ఇన్‌స్పెక్టర్ హెడ్ కానిస్టేబుల్‌తో అంటున్నాడు. "వాడంతట వాడు సంతకం పెడతానంటే పెట్టించుకో. తమ్ముడుగారి పూచీ రాయించుకుని పంపించెయ్. నాకోసం చూడక్కర్లేదు."

గేటు పక్కనే తమ్ముడి జీపు ఆగి ఉంది. ఎండకి ఒక్కసారి కళ్ళు తిరిగినట్టై జిడ్డు దాని ముందు బంపర్ మీద చెయ్యి ఆనించాడు. తీసేసరికి అరచేతికి నల్లరంగు అంటుకుంది. నిన్నో ఇవాళో వేసినట్టుంది. జేబురుమాలుతో తుడుచుకుని, ఇన్‌స్పెక్టర్ బండి ఎక్కాడు.

షెడ్డులో ట్రాక్టర్ ఉన్నచోటే ఉంది. ముక్కు గోడవైపు పెట్టి, తప్పు చేసి మూల నిలబడ్డట్టుంది. సిమెంటు నేలంతా కుండీల్లోంచి రాలిన మెత్తటి మట్టి. జిడ్డు మోకాళ్ళమీద కూర్చుని వెనక చక్రాల జాడ చూశాడు. టైరు గళ్ళు గళ్ళుగా, అచ్చు గుద్దినట్టు రెండు చారలు. వెనక తలుపు దగ్గర మొదలై ట్రాక్టర్ కింద ఆగిపోయాయి. ఎక్కడా చెరగలేదు.

"సార్, ఇంజన్ ఆడుతూ గోడని నెడితే ఏమవ్వాలి?"

"ఏమవ్వాలి?"

"ఇంజనన్నా ఆగిపోవాలి, చక్రాలన్నా ఉన్నచోటే తిరిగి నేలని గీకాలి. ఇంజన్ ఆగలేదన్నాడు. నేల గీసుకోలేదు."

"వెంటనే ఆపేశాడు. అంతే. దీనికోసమా నన్ను తీసుకొచ్చావ్?"

కావచ్చు. మునిగిపోయేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టే ఉంది తన వాదన అని జిడ్డుకీ తెలుసు. కాళ్ళు పెట్టుకునే పలక పక్కన రెండు బోల్టులతో బిగించిన చిన్న మూత కనపడింది. కప్లింగ్‌ని అందులోంచే చూడాలి. టూల్‌బాక్స్‌లోంచి స్పానర్ తీసి ఒక్కో బోల్టూ విప్పాడు. మూత పక్కన పెట్టి టార్చి వేసి తల వంచాడు.

టార్చి అంచుకి ఆనించి, ఇంకా కిందికి వంగాడు.

కొత్త గొట్టం తళతళ మెరుస్తూ వెనక షాఫ్టు మీదికి పూర్తిగా జరిపి ఉంది. ముందు షాఫ్టు ఒంటరిగా, దేన్నీ ముట్టుకోకుండా ఉంది. రెండింటి మధ్య నాలుగు వేళ్ళు పట్టేంత ఖాళీ. పిన్ను ఉండాల్సిన బెజ్జం బెజ్జంలాగే ఉంది. అంటే ఆ రోజు మెకానిక్ సుత్తి చేతిలోకి తీసుకున్నాడే గాని కొట్టలేదు. ఫోన్ మోగింది, మనిషి పరిగెత్తాడు. ఆఖరి పని చెయ్యనే లేదు.

చేశాడు, నిజంగానే తప్పు చేశాడు అనుకున్నాడు జిడ్డు. చెల్లెలి మొహం కళ్ళముందు మెదిలింది. పొద్దున్న ఆమె పక్కలోంచి లేవలేక, "ఏదో ఒకటి చెయ్యి అన్నయ్యా" అని చెయ్యి పట్టుకుంది. మరుక్షణం జిడ్డు చెయ్యి మూత తీసిన కంతలోకి వెళ్ళింది. గొట్టాన్ని ముందుకి జరిపేస్తే చాలు. పిన్ను బదులు పక్కనే పడున్న మేకు దూర్చొచ్చు. ఎవరికి తెలుస్తుంది? ఇన్నేళ్ళు దొంగల్ని పట్టుకున్న చెయ్యి అక్కడ గ్రీజులో ఆగింది. గొట్టాన్ని మాత్రం ముట్టుకోలేకపోయింది.

"ఏం దొరికింది?" వెనకనించి ఇన్‌స్పెక్టర్.

"ఏం లేదు."

అబద్ధం చెప్పడం అలవాటు లేనివాడికి అది ఒక పట్టాన రాదు. ఇన్‌స్పెక్టర్ అతణ్ణి పక్కకి నెట్టి తనే వంగాడు. టార్చి లాక్కుని చూశాడు. చెయ్యి లోపలికి పెట్టి గొట్టాన్ని తడిమాడు, బెజ్జంలో వేలు దూర్చాడు. లేచేసరికి మొహం వెలిగిపోతోంది.

"ఏం లేదా? ఇది ఏం లేకపోవడమా? నువ్వు దాచిపెడదామనుకున్నావు కదూ? మా ఇంట్లో ట్రాక్టర్ ఉండేది జిడ్డూ, నాకు చెప్పకు. ఈ షాఫ్టు అక్కడుంది, ఆ షాఫ్టు ఇక్కడుంది. కలిపే గొట్టం వెనక నిద్రపోతోంది. పిన్నే లేదు! నీ బావ గొప్ప మెకానిక్కని ఊరంతా చెప్పుకోవడమే గాని, ఇంజన్‌కీ చక్రాలకీ సంబంధమే లేకుండా బండి వదిలేసి పోయాడు. ఇంతకన్నా నిర్లక్ష్యం ఉంటుందా? ఇలాంటి బండి ఎవడైనా ఎక్కి గేరేస్తే..."

అతను ఆగాడు.

జిడ్డు నేలమీంచి లేచాడు.

"గేరేస్తే?" అన్నాడు జిడ్డు నెమ్మదిగా.

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ వంగి ఆ ఖాళీలోకి చూశాడు.

"ఇందాక అన్నది మళ్ళీ అనండి సార్. దేనికీ దేనికీ సంబంధం లేదు?"

"ఇంజన్‌కీ... చక్రాలకీ."

"గేరేస్తే ఏమవుతుంది?"

"ఏమీ అవ్వదు." ఇన్‌స్పెక్టర్ గొంతు మారిపోయింది. "ఏమీ అవ్వదు జిడ్డూ."

నమ్మలేనట్టు తనే సీటెక్కాడు. తాళం అలాగే ఉంది. తిప్పితే ఇంజన్ దగ్గి అందుకుంది. క్లచ్ తొక్కి మొదటి గేరు వేశాడు, కాలు వదిలేశాడు. షెడ్డు రేకులు అదిరిపోయేలా ఇంజన్ గర్జించింది గాని, వెనకచక్రం గోరంత కూడా కదల్లేదు. రెండో గేరు వేశాడు. వెనక్కి పోయే గేరు వేశాడు. అటూ లేదు, ఇటూ లేదు. చివరికి తాళం తిప్పి ఆపి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుండిపోయాడు. అతను మొండివాడే గాని దొంగ కాదు. ఆ సంగతి జిడ్డుకి ఎప్పుడూ తెలుసు, ఎప్పుడూ ఒప్పుకోలేదు.

"క్లచ్ తొక్కే ఉన్నాను, బండి దూకిందన్నాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తొక్కినా తొక్కకపోయినా ఇది దూకదు."

"దానంతట అది దూకదు. ఎవరైనా నెడితే పోతుంది." జిడ్డు అప్పటికే ట్రాక్టర్ వెనక్కి వెళ్ళాడు. నాగలి తగిలించే కొక్కెం పాత తుప్పుతో ఎర్రగా ఉంది. దాని నట్టనడుమ ఒకచోట తుప్పు రేగిపోయి ఇనుము తెల్లగా బయటపడింది. ఆ దెబ్బ అంచుల్లో నల్లటి పెచ్చులు అతుక్కుని ఉన్నాయి. జిడ్డు జేబురుమాలు తీసి పక్కన పెట్టి చూపించాడు. "ఇది ఇందాక మీ స్టేషన్ గేటు దగ్గర నా చేతికంటిన రంగు. తమ్ముడుగారి జీపు బంపర్‌ది. అన్న పోయిన మూడో రోజుకి బంపర్‌కి రంగు వేసుకునే తీరిక ఎవరికుంటుంది సార్, దాని మీదున్న గీతలు కప్పిపెట్టాల్సినవాడికి తప్ప?"

"పెద్దాయన ముందు నిలబడి ఏం చేస్తున్నాడు?"

"రేడియేటర్ మూత తీసి ఉంది, చూడండి. వంగి నీళ్ళు చూస్తున్నాడు. తమ్ముడు సీటెక్కి ట్రాక్టర్‌తోనే పని కానిద్దామనుకుని ఉంటాడు. గేరేశాడు, కదల్లేదు. జీపు తీసుకొచ్చాడు. రోజూ వచ్చే జీపే, పెద్దాయన తలెత్తి కూడా చూసి ఉండడు."

"నర్సరీ అమ్ముదామని తమ్ముడు, అమ్మనని అన్న. ఏడాదిగా వాళ్ళిద్దరికీ మాటల్లేవు. అది నాకు తెలుసు." ఇన్‌స్పెక్టర్ సీటు దిగాడు. "తెలిసి కూడా, అతను ఏడుస్తుంటే నమ్మాను."

అతని అవస్థ చూసి సంతోషించే తీరిక జిడ్డుకి లేదు. "కోర్టులో అతని లాయరు ఏమంటాడో తెలుసా? మూత విప్పింది బావమరిది, గొట్టం వెనక్కి జరిపింది, పిన్ను లాగేసింది కూడా బావమరిదేనంటాడు."

"అనే తీరతాడు. నేనైనా అంటాను."

"అందుకే ఆ పిన్ను కావాలి. కొట్టిన పిన్ను మీద సుత్తి దెబ్బలుంటాయి. ఇది ఒక్క దెబ్బ కూడా తినలేదు. ఎక్కడుందో నాకు తెలుసు. ఆ రోజు వేసుకున్న చొక్కా జేబులో."

జిడ్డు ఫోన్ తీసి చెల్లెలికి చేశాడు. అవతల ఇన్‌స్పెక్టర్ కూడా స్టేషన్‌కి ఫోన్ చేస్తున్నాడు, సంతకం ఆపించడానికి.

"అన్నయ్యా!" చెల్లెలి గొంతులో ఎన్నడూ లేనంత ఉత్సాహం. "మీ బావని వదిలేశారటగా! తమ్ముడుగారు ఇప్పుడే ఫోన్ చేశారు. సంతకం పెట్టేశాడు, నేనే ఇంటికి తీసుకొస్తున్నా అన్నారు."

జిడ్డు ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకున్నాడు. "ఆ రోజు బావ వేసుకున్న చొక్కా ఎక్కడుందమ్మా?"

"చొక్కానా? పొద్దున పక్కమీంచే, ఉతకడానికి ఇవ్వబోతూ జేబులు తడిమా. జేబులో పిన్ను ఉంది."

"ఆ పిన్ను జాగ్రత్తగా పెట్టు. ఎవరికీ..."

"నా దగ్గర లేదు. తమ్ముడుగారికిచ్చా."

"ఎవరికి?"

"అదే, పాపని చూడ్డానికొచ్చారుగా. అప్పుడు ఆయన ఇక్కడే కూర్చున్నారు. నాకే అనుమానమొచ్చి అడిగా. ఇది పనంతా అయ్యాక కొట్టే పిన్ను కదండీ, ఇది లేకపోతే బండి కదలనే కదలదంటాడు మా ఆయన, మరి ఇంకా జేబులోనే ఉందేంటండీ అని. ఆయన చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. నాకూ తెలీదమ్మా, మీ ఆయన్నే అడుగుదాం, నా చేత్తో నేనే ఇస్తాను అన్నారు. ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా అని కూడా అడిగారు. లేదన్నాను. మంచి మనిషి అన్నయ్యా. సొంత అన్నని పోగొట్టుకుని కూడా..."

స్టేషన్‌లో జిడ్డు మింగేసిన ప్రశ్ననే చెల్లెలు పొద్దున్నే అడిగేసింది. అడగకూడని ఒకే ఒక్క మనిషిని అడిగింది.

పక్కన ఇన్‌స్పెక్టర్ ఫోన్‌లో హెడ్ కానిస్టేబుల్ గొంతు బయటికి వినిపిస్తోంది. "మీరు వెళ్ళిన పావుగంటకే సంతకం పెట్టేశాడు సార్. తమ్ముడుగారు పక్కన కూర్చుని నచ్చజెప్పారు. మీరు చెప్పినట్టే పూచీ రాయించుకుని పంపించాను. జీపులోనే వెళ్ళారు. మనిషి చచ్చిపోతానంటున్నాడు, రేపు ఏదైనా చేసుకుంటే మన మీదికి రాకూడదని తమ్ముడుగారే ఆ మాట కూడా కాగితంలో రాయించారు సార్."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ జేబులో పెట్టుకోవడం కూడా మర్చిపోయి, తలుపు వైపు పరుగందుకున్నాడు.

"అన్నయ్యా, వింటున్నావా?" చెల్లెలు అడుగుతోంది. వెనకాల పసిపిల్ల సన్నగా ఏడుపు మొదలుపెట్టింది. "స్టేషన్ నించి ఇంటికి ఎంత దూరమని? నడిచొచ్చినా ఈపాటికి వచ్చెయ్యాలి. వీళ్ళింకా రాలేదేంటి?"

జిడ్డు దగ్గర దానికి జవాబుంది. అది చెల్లెలికి చెప్పే ధైర్యం లేక, ఫోన్ చెవికి అలాగే ఆనించుకుని ఇన్‌స్పెక్టర్ వెనకాల పరిగెత్తాడు.